మంద ముందు జంగమ్మ

జంగమ్మతో నా స్నేహం తిట్లతో మొదలైంది. వికారాబాదు పాత బజారు వెనక సందులో నేను కుట్టుమిషను పెట్టుకున్న కొత్త రోజులవి. పొద్దున్నే షాపు మెట్లు కడిగి లోపలికి వెళ్ళి వచ్చేసరికి గొర్రెల మంద ఒకటి పోతూ పోతూ మెట్ల నిండా పెంటికలు రాల్చి పోయింది. నేను చీపురు పట్టుకుని సందులోకి ఉరికాను.

"ఓ అమ్మా! గొర్లు నీయి, ఊడ్చేది నేనా?"

మంద ముందు నడుస్తున్న మనిషి ఆగి వెనక్కి చూసింది. నవ్వింది.

"పారబొయ్యకు చెల్లె. గా డబ్బల గులాబి చెట్టున్నది జూడు, దాని మొదట్ల వెయ్యి. మస్తు పూస్తది" అంది.

వేశాను. పూసింది. ఏం చేస్తాం, నా కోపం ఆ పూలతోనే పోయింది. నా పేరు రెబెక్క. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఇమ్మానుయేలు అంటాడు. ఉంటే ఉంది, ముక్కు నాది.

ఆ మంద జంగమ్మది, ఆమె మొగుడు బీరయ్యది. వాళ్ళ దొడ్డి నా షాపుకు ఎదురుగానే, పాండురంగం సేటు జాగాలో ఉండేది. ఊరి నడిబొడ్డున అంత పెద్ద జాగాను సేటు ఎందుకు ఖాళీగా వదిలేశాడని అందరూ అడిగేవాళ్ళు. ఆయన లెక్కలో అది ఖాళీ కాదు. నవాబుపేట దగ్గర ఆయనకు పొలం ఉంది. దొడ్డిలో పడిన ఎరువు ఏడాదికోసారి ఆ పొలానికి పోయేది, దొడ్డికి కిరాయి ఉండేది కాదు. సేటు తండ్రి, బీరయ్య తండ్రి నోటిమాటగా చేసుకున్న ఒప్పందం అది. చాలా ఏళ్ళు ఇద్దరి పిల్లలూ దాన్ని తప్పలేదు.

గొర్రెలు కాసేవాళ్ళు మామూలుగా వెనక నుంచి తోలుతారు. వీళ్ళ పద్ధతి వేరు. బీరయ్య గొంగడి భుజాన వేసుకుని వెనక నడిచేవాడు. ఆయన నోట్లోంచి మాట రావడమే గగనం. జంగమ్మ ముందు నడుస్తూ "దా... దాదాదా... దా" అని పిలిచేది. అంతే, మంద మొత్తం ఆ గొంతు వెంట పోయేది. ఎదురుగా బస్సు వచ్చినా, బ్యాండు మేళం వచ్చినా చెదిరేది కాదు. తల్లి చచ్చిన పిల్లలను ఆమె ఒళ్ళో కూర్చోబెట్టుకుని సీసాతో పాలు తాగించేది, తాగించినంతసేపూ అదే పిలుపు వాటి చెవిలో చెప్పేది. అవి పెరిగి పెద్దవై, వాటిని చూసి వాటి పిల్లలు నేర్చుకుని, మందకు మందే ఆ గొంతుకు అలవాటు పడింది. మా చర్చిలో పాస్టరుగారు గొర్రెల కాపరి ఊసెత్తని ఆదివారం ఉండదు. ఆయనకు గొర్రె వాసన కూడా తెలియదు పాపం. ఆయన చెబుతున్నంతసేపూ నేను మాత్రం జంగమ్మనే తలుచుకునేదాన్ని.

తర్వాత ఊరు పెరిగింది. జిల్లా అయింది. హైదరాబాదులో కొనలేనివాళ్ళంతా ఇక్కడ కొనడానికి బయల్దేరారు. పాత బజారులో ఒక్కొక్క పెంకుటిల్లు పడిపోయి, ఒక కుటుంబం ఉన్నచోట ఇరవై కుటుంబాలు పట్టే మేడలు లేచాయి. నేను దానికి ఏడవలేదు. మనుషులు పెరిగితే జాకెట్లు పెరుగుతాయి, నా మిషనుకు తీరిక లేకుండా పోయింది. పొద్దస్తమానం సందులో నీళ్ళ ట్యాంకర్లు వెనక్కీ ముందుకీ ఆడే గోల ఒక్కటే నాకు పడేది కాదు.

సేటు ముసలివాడై మంచం పట్టాక ఆయన కొడుకు వినయ్ ఆ జాగాను డెవలప్‌మెంటుకు ఇచ్చాడు. ముందు మెయిన్ రోడ్డు వైపు సగంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు కట్టారు. దొడ్డి మా సందు వైపు సగంలోకి జరిగింది. ఆ ఫ్లాట్లన్నీ నిండగానే మా సందు వైపు కూడా రెండో బ్లాకు వేస్తామని, కార్ల కోసం కింద సెల్లారు తవ్వాలని, దొడ్డి తీయాలని వినయ్ వచ్చి చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు.

"కాకా, నీకు అన్యాలం జెయ్య. జంగమ్మ కాకికి అపార్ట్‌మెంట్ల ఊడ్సే పని ఇప్పిస్త. మెట్ల కింద రూమున్నది, ఇద్దరు అండ్లనే ఉండుండ్రి. గొర్లకే జాగ లేదు."

బీరయ్య భుజం మీది గొంగడి సర్దుకున్నాడు. "అయితె మాకు జాగిచ్చినట్టా, ఇయ్యనట్టా చిన్నసేటు?" అని అడిగాడు.

ఆ మధ్యాహ్నం జంగమ్మ నా షాపులో కూర్చుని తనకు తనే నచ్చజెప్పుకుంది. వాళ్ళ కూతురు అంజలి హైదరాబాదులో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు కాబట్టి జంగమ్మకు ఆయనెప్పుడూ అంజలి నాయినే.

"మ్యాత తక్కువాయె చెల్లె, మంద గూడ సగమాయె. ఇద్దరెందుకు? అంజలి నాయిన గొర్లకాడ, నేను నౌకరికాడ. బిడ్డ సదువు ఒడ్డుకు వడేదాకనే."

"నువ్వు ముందల లేకుంటె అవి నడుస్తయా అక్కా?"

"నడుస్తయి తియ్. గొర్లేగద" అంది.

రైలు పట్టాల అవతల, అమ్ముడుపోని ప్లాట్ల వెంచరులో ఒక మూల తడకలు కట్టుకుని బీరయ్య కొత్త దొడ్డి పెట్టుకున్నాడు. మేత అనంతగిరి వైపు. మధ్యలో ఊరు. కాబట్టి మంద రోజూ రెండు పూటలా మా సందులోంచే పోవాలి.

జంగమ్మ లేని మందను చూడాలంటే నాకు కష్టంగా ఉండేది. పాత దొడ్డి దగ్గరికి రాగానే గొర్రెలు తలలెత్తి నిలబడిపోయేవి. వెనక బండ్లు హారన్లు కొట్టేవి. బీరయ్య కర్ర ఊపేవాడు, బతిమాలేవాడు. ఒకరోజు గొంతు సవరించుకుని తనే "దా" అన్నాడు. సందులో ఉన్న కుక్క ఒక్కటి తలెత్తి చూసింది. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయనా నవ్వాడు. చివరికి జంగమ్మ తన పిలుపును ఫోనులో రికార్డు చేసి ఇచ్చింది. ఆయన ఫోను చేతిలో ఎత్తిపట్టుకుని, దేవుడి పటం మోస్తున్నట్టు ముందు నడిచాడు. ఒకటి రెండు రోజులు అవి నమ్మాయి. తర్వాత ఒక పెద్ద గొర్రె దగ్గరికొచ్చి ఫోనును వాసన చూసి మొహం తిప్పుకుంది. ఇక ఒక్కటీ దాని వెంట పోలేదు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత. ఆ సామెత కట్టినవాడు జంగమ్మ మందను చూసి ఉండడు.

జంగమ్మ మాత్రం మంద వచ్చే వేళకు మా సందు వైపు కనబడేది కాదు. మెయిన్ రోడ్డు వైపు మెట్లు తుడవడానికి పోయేది. తను కనబడినా, తన గొంతు వినబడినా అవి అక్కణ్ణుంచి కదలవని ఆమెకు తెలుసు. "పానమంత గీడనే ఉంటది చెల్లె, గని నోరు గట్టేసుకుంట" అనేది.

సెల్లారు గుంత తవ్వడం మొదలైంది. కింద బండ తగిలింది. పగలగొట్టుకుంటూ రెండు నిలువుల లోతుకు దిగారు. మట్టి లారీలు దిగే దారి అపార్ట్‌మెంటు పక్కనుంచి. మా సందు వైపు నిలువుగా కోసిన గోడ, దానికి అడ్డంగా రేకులు. వానలు పడ్డాయి, గుంతలో నీళ్ళు చేరాయి. ఒక గాలివానకు రెండు రేకులు ఊడి పడ్డాయి. కట్టించమని అక్కడి సూపర్‌వైజరుకు నేనే చెప్పాను. "రేపు కట్టిస్తం అక్కా" అన్నాడు. మరునాడు అడిగినా రేపే అన్నాడు.

ఆ సాయంత్రం వాన వెలిసి వెలుగు బాగానే ఉంది. మంద సందులోకి వచ్చింది. అదే సమయానికి నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తోంది. గొర్రెలు గోడవారకు ఒదిగాయి. బీరయ్య ఎక్కడో వెనక ఉన్నాడు. ఒక గొర్రెపిల్ల బెదిరి ట్యాంకరు వెనక చక్రం ముందుకి పోయి నిలబడిపోయింది. నేను అరిచాను. డ్రైవరుకు పాటల మోతలో వినబడలేదు.

జంగమ్మ ఆ రోజు ఎప్పటిలా అవతలికి పోలేదు. మా సందు వైపు రెండో అంతస్తు వరండాలో ఎవరి పిల్లో వాంతి చేసుకుంటే అక్కడ తుడుస్తోంది. నా అరుపుకు కిందికి చూసింది. గొర్రెపిల్ల కనబడింది, చక్రం కనబడింది. ఆలోచించే సమయం ఎక్కడుంది? ఆమె నోట్లోంచి అదే వచ్చింది.

"దా! దాదాదా! దా!"

గొర్రెపిల్ల ఒక్క ఉదుటున ఈవలికి వచ్చింది. బతికింది.

మంద మొత్తం తలెత్తింది. చెవులు నిక్కాయి. ఎన్నాళ్ళకో వినబడిన గొంతు. అంత సంతోషంగా కదిలిన మందను నేను నా జన్మలో చూడలేదు. ఆ గొంతు ఎటు నుంచి వచ్చిందో అటే తిరిగాయి. అటు వైపు రేకులు ఊడిన ఖాళీ ఉంది. ఆ ఖాళీలోంచి ఆమె కనబడుతోంది. ఆమెకూ వాటికీ మధ్య గుంత ఉంది.

మొదటి గొర్రె ఆగలేదు. దాని వెంట రెండోది. ఆ తర్వాత గొర్రెలు ఏం చేస్తాయో లోకమంతటికీ తెలుసు. నేను చేతిలో కత్తెరతోనే ఉరికాను. బీరయ్య కర్ర పారేసి వచ్చి ఆ ఖాళీకి అడ్డంగా పడుకున్నాడు. ఆయన మీదుగా దూకాయి. పైనుంచి జంగమ్మ కేకలు పెడుతోంది. "వద్దు! రాకుండ్రి! ఆగుండ్రి నా తల్లులార!" అని గుండెలు బాదుకుంటోంది. గొర్రెలకు మాటలు తెలుస్తాయా? వాటికి తెలిసింది ఆ గొంతు ఒక్కటే. ఆమె ఎంత అరిస్తే అవి అంత తొందరపడి ఆమె దగ్గరికి ఉరికాయి.

"నోరు మూసుకోవే!" అని బీరయ్య అరిచాడు. పడుకున్నచోటి నుంచే, ఊరంతా వినబడేలా అరిచాడు. "అర్వకు! నీ కాళ్ళు మొక్కుత, అర్వకే జంగి!"

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. అప్పటికి పడాల్సినవి చాలావరకు పడిపోయాయి.

గుంతలో బండల మీద పడ్డవి పడ్డచోటే ఉన్నాయి. వాటి మీద పడ్డ కొన్ని బతికి, నడుములోతు నీళ్ళలో ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. కూలీలు దిగితే బెదిరి ఇంకా లోతుకు పోతున్నాయి. అపార్ట్‌మెంటు వరండాలన్నీ జనంతో నిండాయి. కొందరు ఫోన్లు ఎత్తి తీస్తున్నారు, కొందరు ఏడుస్తున్నారు. జంగమ్మ మట్టి లారీల దారిన కిందికి వచ్చి నీళ్ళ ఒడ్డున కూలబడింది.

"పిలువు" అన్నాడు బీరయ్య. ఆయన వీపు నిండా గిట్టల దెబ్బలు.

"పిలువ. నా నోరు పడిపోను, ఇగ పిలువ."

"బతికినయి గూడ సస్తయి. పిలువు."

ఆమె నీళ్ళలోకి దిగింది. పిలిచింది. అది పిలుపులా లేదు, ఎవరికో చెవిలో చెబుతున్నట్టు ఉంది. అయినా వచ్చాయి. చచ్చినవాటి మీదుగా ఈదుకుంటూ, కుంటుకుంటూ వచ్చి ఆమె తొడలకు తలలు ఆనించాయి. నేను ఒడ్డున నిలబడి దేవుణ్ణి తిట్టాను. ఆ తిట్లు ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

వినయ్ వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. చెడ్డవాడేం కాదు. "గిది ఎవరి తప్పు గాదు రెబెక్కక్కా" అన్నాడు. ఎవరి తప్పూ కాదంటే చచ్చినవాళ్ళ తప్పని అర్థం. ఆ మాట అతని మొహం మీదే అన్నాను. తలవంచుకున్నాడు. రేకులు మరునాడే కట్టారు. సెల్లారు పని ఆ వారంలోనే మళ్ళీ మొదలైంది.

తర్వాత జంగమ్మ నా దగ్గరికి వచ్చి కూర్చునేది కానీ మాట్లాడేది కాదు. నేనే ఆగలేక ఒకరోజు అన్నాను. "గా నౌకరి ఇడిచిపెట్టు అక్కా. బతికిన గొర్లున్నయి గద. మళ్ళ ముందల నడువు. అంజలి సదువు ఎట్లనో అయితది."

"ఏడికి నడవాలె?" అంది.

నాకు అర్థం కాలేదు.

"పొద్దుగూకితె ఏడికి తోలుకపోవాలె చెల్లె? వెంచరోళ్ళు తడకలు పీకుమన్నరు. ప్లాట్లు అమ్ముడువోయినయట, ఇండ్లు గడ్తరట. మనిషికి మెట్ల కింద జాగిస్తరు. గొర్లకెవరిస్తరు?"

నిజంగానే మా ఊళ్ళో మనిషి మీద మనిషిని పేర్చి ఎంతమందినైనా పట్టించగలం. మంద ఒక రాత్రి పడుకునే జాగా లేదు. ఇమ్మానుయేలును చుట్టుపక్కల పల్లెల్లో అడిగి రమ్మన్నాను. ఎక్కడ అడిగినా హద్దురాళ్ళు పాతి ఉన్నాయి, లేదా మామిడి తోటకు కంచె వేసి ఉంది.

తాండూరు అంగడిలో అమ్మేద్దామని బీరయ్యే అన్నాడు. వికారాబాదులో అమ్మితే మన గొర్రెలు మన కళ్ళముందే వేలాడతాయని ఆయన భయం. నా పుట్టిల్లు తాండూరే. "నువ్వుంటె నాకు జర ధైర్నం చెల్లె" అని జంగమ్మ అడిగితే నేను రైల్లో ముందే వెళ్ళాను. వాళ్ళు నడిచి వచ్చారు. దారి పొడవునా జంగమ్మే ముందు నడిచిందట, ఒక్కసారి కూడా పిలవలేదట. ఆమె వీపు కనబడితే చాలని అవి వెంట వచ్చాయట. చాలా రోజుల తర్వాత ఇద్దరూ కలిసి మంద తోలారు. అంగడిలోకి వస్తున్నప్పుడు దూరం నుంచి చూస్తే పాత రోజుల్లాగే ఉన్నారు.

సిమెంటు ఫ్యాక్టరీ పనివాళ్ళు, కరణ్‌కోట బస్సులు, నాపరాళ్ళ లారీలు, ఆ దుమ్ములోనే అంగడి. సగం బేరాలు కన్నడంలో నడుస్తున్నాయి. సేడం వైపు నుంచి వచ్చిన పరశురాం అనే బేరగాడు అన్నీ కలిపి తీసుకుంటానన్నాడు. జంగమ్మ అతన్ని ఒక్కటే అడిగింది.

"కోస్తవా, సాకుతవా?"

"సాకుతం తాయీ. కొయ్యం" అన్నాడు.

అంగడిలో ఆ ప్రశ్నకు ఎవరైనా ఆ జవాబే చెబుతారు. ఆమెకూ తెలుసు. అయినా తలూపింది.

బొలేరో బండి వచ్చింది. వెనక తలుపు దించి పలక వేశారు. గొర్రెలు ఎక్కలేదు. పరశురాం మనుషులు "బా, బా" అని కన్నడంలో పిలిచారు. చెవులు పట్టుకుని లాగారు, తోకలు మెలిపెట్టారు. ఒకదాన్ని ఎక్కిస్తే ఇంకొకటి కిందికి దూకింది. అది ట్యాంకరు కింద నుంచి తప్పించుకున్న గొర్రెపిల్ల. వాళ్ళలో ఒకడు దాన్ని కర్రతో ఒక్కటి వేశాడు.

"కొట్టకుండ్రి!" అంది జంగమ్మ. బీరయ్య ఆమె వైపు చూశాడు. పిలవమని అనకూడదని ఆయనకు తెలుసు, కానీ వేరే దారి కూడా లేదు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె మెల్లగా విడిపించుకుంది.

బండి ఎక్కి, లోపలి చివరికి పోయి, గొర్రెల వైపు తిరిగి కూర్చుంది. "దా" అంది. "దాదాదా... దా."

ఒకదాని వెనక ఒకటి ఎక్కాయి. తోసుకోలేదు, బెదరలేదు. ఆమె చుట్టూ చేరి ఒళ్ళో మూతులు పెట్టాయి. ఆమె ఒక్కొక్కదాని నుదురు నిమిరింది. పరశురాం తలుపు వేసి గొళ్ళెం పెట్టాడు. అప్పుడు బీరయ్య పక్క కడ్డీల మీదుగా చేతులు చాపి, చంటిపిల్లను దించుకున్నట్టు ఆమెను కిందికి దించుకున్నాడు.

బండి కదిలి, అంగడి బయట లారీల వెనక ఆగింది. ఆమె లేదని అప్పుడు తెలిసింది వాటికి. కడ్డీల్లోంచి తలలు బయటికి పెట్టి ఒక్కసారిగా అరవసాగాయి. కొన్ని ముందు కాళ్ళు కడ్డీల మీద వేశాయి. నాకు వినలేక చెవులు మూసుకోబుద్ధయింది.

"ఒక్కసారి పిలువరాదే" అన్నాడు బీరయ్య. "నీ గొంతు ఇంటె ఊకుంటయి."

"ఊకోవు" అంది జంగమ్మ. "దుంకుతయి."

చీర కొంగు ఉండ చుట్టి నోట్లో కుక్కుకుంది. మేమిద్దరం చెరోవైపు ఆమెను పట్టుకుని నిలబడ్డాం. లారీలు కదిలాయి, బండి సేడం రోడ్డు మీదికి మళ్ళింది. అరుపులు వినబడినంతసేపూ ఆమె నోట్లోంచి కొంగు తీయలేదు.